250 ప్రోటీన్లకు ఒకసారి ఇరుక్కునే యంత్రం

మన పేగుల్లో ఉండే ఈ-కోలి బాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం పేరు రైబోజోమ్. ప్రోటీన్లకు ముడిసరుకు అమైనో ఆమ్లాలు. వాటిని ఇది సెకనుకు 15 నుంచి 20 దాకా వరసగా కలుపుతుంది. 300 అమైనో ఆమ్లాలుండే ఓ మామూలు ప్రోటీన్ తయారవడానికి 20 సెకన్లు చాలు.

మరి ఎక్కడ ఆగుతుంది? దేని తర్వాత ఏది కలపాలో జన్యువు నుంచి తీసిన ఎంఆర్‌ఎన్‌ఏ అనే ప్రతి చెబుతుంది. దాని చివర ‘ఇక ఆపు’ అనే గుర్తుంటుంది. ఈ ప్రతి మధ్యలో తెగితే ఆ గుర్తు పోతుంది. సికింద్రాబాద్ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, స్టేషను రాకముందే పట్టాలు అయిపోయిన లైనులో రైలు నిలిచిపోయినట్టే. వెనక వచ్చేవీ ఆగిపోతాయి. ఒకే ఎంఆర్‌ఎన్‌ఏ మీద చాలా రైబోజోములు నడుస్తాయి మరి.

ఇలా ఎంత తరచుగా జరుగుతుంది? ఒక అంచనా ప్రకారం 0.4 శాతం, అంటే 250 ప్రోటీన్లకు ఒకసారి. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఒక్కోదానికి 20 సెకన్ల చొప్పున 250 ప్రోటీన్లకు 5,000 సెకన్లు. సగటున ప్రతి రైబోజోమూ గంటన్నర లోపే ఇరుక్కుంటుందన్నమాట. 2 నుంచి 4 శాతం అనే అంచనాలూ ఉన్నాయి. అదే నిజమైతే పావుగంట గడవడమే కష్టం. విడిపించే దారి లేకపోతే కణంలో పనంతా ఆగిపోతుంది.

విడిపించేది ఒక ఆర్‌ఎన్‌ఏ అణువు, టీఎంఆర్‌ఎన్‌ఏ. ఈ-కోలిలో దాని పొడవు 363 అక్షరాలు. ఎస్ఎంపీబీ అనే ప్రోటీన్ తోడుతో రైబోజోములో దూరి, తన దగ్గరున్న చిన్న పట్టాల ముక్కను తగిలిస్తుంది. ఆ ముక్క చివర స్టేషనూ ఉంటుంది. రైబోజోమ్ అక్కడిదాకా నడిచి బయటపడుతుంది. ఈలోగా సగం తయారైన ప్రోటీన్‌కు 11 అమైనో ఆమ్లాల తోక మొలుస్తుంది. ఆ తోకను గుర్తుపట్టి క్లిప్‌ఎక్స్‌పీ అనే ఎంజైము ఆ ప్రోటీన్‌ను ముక్కలు చేస్తుంది. తోక తగిలించి నాశనం చేయించే ఈ పద్ధతిని 1996లో కీలర్, వాలర్, సావర్ ప్రతిపాదించారు.

చేసిన సరుకును పారేయడం దండగ కాదా? కాదు. ఒక్క రైబోజోమ్ కట్టాలంటే 50కి పైగా ప్రోటీన్లు, మూడు ఆర్‌ఎన్‌ఏలు కావాలి. అంత ఖరీదైన యంత్రం ముందు సగం ప్రోటీన్ ఏపాటి?

ఆగకుండా తప్పు సరుకు కలిపేస్తే? దానికి వేరే కాపలా ఉంది. తార్నాక దాటితే వచ్చే హబ్సిగూడలోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో రాజన్ శంకరనారాయణన్ బృందం పరిశోధిస్తున్నది దాన్నే. అమైనో ఆమ్లాలకు అద్దంలో ప్రతిబింబంలా ఎడమ, కుడి రూపాలుంటాయి. ప్రోటీన్లకు పనికొచ్చేది ఎడమ రూపమే. కుడిది చొరబడబోతే డీటీడీ అనే ఎంజైము ఊడదీస్తుంది. తప్పుల్లేని ప్రోటీన్ తయారీపై ఈ కృషికే ఆయనకు 2020 ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది.

ఇదంతా మనకెందుకు? మన జన్యువుల్లో టీఎంఆర్‌ఎన్‌ఏ లేదు. దాన్ని అడ్డుకునే మందు దొరికితే దెబ్బ బాక్టీరియాకే. అయితే ఈ-కోలి దగ్గర ఆర్ఫ్ఏ అనే రెండో రక్షకుడుంది. దాని ఏర్పాటు నాకు భలే నచ్చింది. ఆర్ఫ్ఏ ఎంఆర్‌ఎన్‌ఏ ఎప్పుడూ చివర తెగే ఉంటుంది. అందుకే టీఎంఆర్‌ఎన్‌ఏ పనిచేసినంతకాలం ఆర్ఫ్ఏకూ తోక మొలిచి నాశనమవుతుంది. టీఎంఆర్‌ఎన్‌ఏ చేతులెత్తేస్తే తోక రాదు, ఆర్ఫ్ఏ బతికి పని అందుకుంటుంది. రెండూ పోతే ఈ-కోలి బతకదు. గనేరియా తెచ్చే బాక్టీరియా మాత్రం టీఎంఆర్‌ఎన్‌ఏ ఒక్కటి పోయినా బతకదు. మందు వెతికేవాళ్లు దానిమీద ప్రయోగాలు చేస్తున్నది అందుకే.