మూసుకుందా, మూసుకోమన్నామా?

1979 మార్చి 28, తెల్లవారుజామున నాలుగు గంటలు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం. రెండో యూనిట్‌లో నీటి పంపులు ఆగిపోయాయి. వేడి బయటికి పోయే దారి లేక రియాక్టర్‌లో పీడనం పెరిగింది. చదరపు అంగుళానికి 2255 పౌండ్లకు చేరేసరికి రిలీఫ్ వాల్వు తెరుచుకుని, కుక్కర్ విజిల్ వేసినట్టు ఆవిరిని వదిలింది. 2205కు దిగగానే అది మళ్లీ మూసుకోవాలి. అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

కంట్రోల్ రూమ్‌లో మాత్రం దాని దీపం ఆరిపోయింది. ఆపరేటర్లు వాల్వు మూసుకుందనే అనుకున్నారు. నిజానికి ఆ దీపం మూసుకోమని కరెంటు ద్వారా పంపిన ఆజ్ఞకు గుర్తు. ఆజ్ఞ వెళ్లింది, పని జరగలేదు. చివరికి ఆ దారిలోనే ఉన్న మరో వాల్వును మూసేసరికి 2 గంటల 20 నిమిషాలు దాటింది. శీతలీకరణ నీరు ఆవిరై పోయి, రియాక్టర్ కోర్‌లో దాదాపు సగం కరిగింది. అంతకు ఏడాదిన్నర ముందు, 1977 సెప్టెంబరులో, ఒహాయోలోని డేవిస్-బెస్సీ కేంద్రంలోనూ అదే రకం వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది. అక్కడ సకాలంలో గుర్తించారు కాబట్టి గండం గడిచింది.

వాల్వుకు మన పుస్తకాల్లో పేరు కవాటం, అంటే తలుపు. తలుపు తీయడం తేలికే. గాలి దూరకుండా వేయడం, ఏళ్ల తరబడి అలాగే వేయగలగడం కష్టం. వాల్వులో ఈ కష్టమంతా సీటు దగ్గర ఉంటుంది. కదిలే పలకో, గోళీయో వచ్చి ఆనుకునే అంచు అది. అక్కడ వెంట్రుకంత సందు మిగిలినా చాలు, అధిక పీడనంలో ఆవిరి ఆ సందులోంచి కత్తిలా దూసుకుపోయి సీటుకు గాడి పెడుతుంది. గాడి పడ్డకొద్దీ కారుడు, కారినకొద్దీ గాడి. అందుకే పలకతో మూసే గేటు వాల్వును సగం తెరిచి ప్రవాహాన్ని తగ్గించుకోవడం తప్పంటారు. ఆ పనికి గ్లోబ్ వాల్వు వేరే ఉంది.

రామగుండం వంటి థర్మల్ కేంద్రాల్లో ఆవిరి 500 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంటుంది. బాల్ వాల్వుల్లో వాడే టెఫ్లాన్ సీటు మెత్తగా ఉండి చక్కగా మూస్తుంది గానీ, 200 డిగ్రీలు దాటాక దాన్ని నమ్ముకోలేం. ఇంత వేడిలో లోహానికి లోహమే ఆనాలి. కోబాల్టు, క్రోమియం కలిసిన స్టెల్లైట్ అనే గట్టి మిశ్రమలోహాన్ని సీటు మీద పూతగా వెల్డింగ్ చేస్తారు. ఎల్వుడ్ హేన్స్ అనే అమెరికన్ దీన్ని 1900ల తొలి దశకంలో తయారుచేశాడు. కానీ అణు కేంద్రంలో ఇదే చిక్కు తెస్తుంది. అరిగి నీళ్లలో కలిసిన కోబాల్టు రియాక్టర్ గుండా పోతే రేడియోధార్మిక కోబాల్టు-60గా మారుతుంది. కాబట్టి అక్కడ కోబాల్టు లేని మిశ్రమాలు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇరుక్కుపోవడానికీ కారణాలున్నాయి. స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టు బిగించి, ఊడక కోసేసిన మెకానిక్కులకు ఒకటి తెలిసిందే: ఒకే రకం లోహాలు ఒత్తిడిలో రాసుకుంటే అతుక్కుంటాయి. రెండింటి గట్టిదనంలో తేడా ఉంచడం దీనికి ఒక విరుగుడు. ఇరుక్కుపోవడానికి మరో కారణం చల్లారడం. గేటు వాల్వులోని పలక కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. వేడి మీద దాన్ని బిగించి మూస్తే, చల్లారాక చుట్టూ ఉన్న బాడీ కుంచించుకుని పలకను పట్టేస్తుంది. ఇక చక్రం ఎంత తిప్పినా కదలదు. పలక అంచు చుట్టూ గాడి తీసి, రెండు ముఖాలూ కాస్త వంగేలా చేస్తే ఈ పట్టు విడుతుంది. దాన్నే ఫ్లెక్సిబుల్ వెడ్జ్ అంటారు.

చక్రాన్నీ పలకనూ కలిపే కడ్డీ స్పిండిల్. దాని చుట్టూ కారకుండా ఆపేది గ్లాండ్ ప్యాకింగ్. ఒకప్పుడు ఆస్‌బెస్టాస్ తాడు చుట్టేవారు, ఇప్పుడు గ్రాఫైట్ వాడుతున్నారు. ప్యాకింగ్ అరిగి వదులైనప్పుడు వెంటనే నొక్కిపట్టేందుకు బోల్టుల కింద పళ్లెంలాంటి స్ప్రింగులు పెడతారు.

కరెంటు పోతే వాల్వు ఎటు పోవాలన్నదీ ముందే తేల్చుకోవాలి. బర్నరుకు గ్యాస్ ఇచ్చేదైతే మూసుకోవాలి. చల్లబరిచే నీటిదైతే తెరుచుకోవాలి. లోపలి స్ప్రింగు ఆ వైపుకే నెట్టేలా అమరుస్తారు. తయారయ్యాక బాడీని, సాధారణ ఉష్ణోగ్రతలో దానికి అనుమతించిన పీడనానికి ఒకటిన్నర రెట్ల పీడనంతో నీటిని ఎక్కించి పరీక్షిస్తారు. అయినా నెలల తరబడి కదలని వాల్వు అవసరమైన క్షణంలో మొరాయించవచ్చు. అందుకే ప్లాంటు నడుస్తుండగానే అత్యవసర వాల్వులను కొన్నిటిని కొద్దిగా కదిపి చూస్తుంటారు.

ఇంతకీ త్రీ మైల్ ఐలాండ్‌లో ఆ రాత్రి మరో హెచ్చరిక లేకపోలేదు. రిలీఫ్ వాల్వు తర్వాతి పైపు సుమారు 140 డిగ్రీల సెల్సియస్ చూపించింది. వాల్వు తెరుచుకుని ఉందనడానికి అదొక సాక్ష్యం. కానీ ఆ పైపులోకి వదిలే వాల్వులలో ఏదో ఒకటి అంతకుముందు నుంచే కొద్దికొద్దిగా కారుతూ వచ్చింది. పైపు వేడిగా ఉండటం అందరికీ అలవాటైపోయింది. కాబట్టి ఆ అంకె ఎవరినీ కంగారు పెట్టలేదు.

పొలంలో పంపు పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు కారితే రోజూ మోటారుకు నీళ్లు పోసుకుంటూ నెట్టుకొస్తాం. అక్కడ పోయేది పది నిమిషాలు. కర్మాగారంలో కారుడుకు అలవాటుపడితే, పోయేది ప్రమాదాన్ని గుర్తుపట్టే శక్తి. సీటును అంత శ్రద్ధగా చేయడం వెనక ఈ లెక్క కూడా ఉంది.

ప్రమాదం తర్వాత అమెరికా అణు నియంత్రణ సంస్థ ఒక నియమం పెట్టింది: రిలీఫ్, సేఫ్టీ వాల్వుల అసలు స్థితి కంట్రోల్ రూమ్‌లో నేరుగా తెలియాలి. కొన్ని కేంద్రాల్లో పైపుకు చప్పుడు పసిగట్టే సెన్సారు బిగించారు. మూసుకోమన్న ఆజ్ఞ వెళ్లిందో లేదో దానికి తెలియదు. పైపులో ఆవిరి పారుతున్న హోరు వినిపిస్తే, వాల్వు తెరుచుకునే ఉందని చెబుతుంది.