మూడు కాళ్ల మొనగాళ్లు

అతి దూరం వెళ్లిన ట్రైపాడ్ ఎక్కడుందో తెలుసా? చందమామ మీద! జార్జ్ కారుథర్స్ రూపొందించిన అతినీలలోహిత కెమెరాను 1972 ఏప్రిల్‌లో అపోలో 16 వ్యోమగాములు అక్కడ మూడు కాళ్ల మీద నిలబెట్టారు. బరువు 22 కిలోలు, ఒంటినిండా బంగారు పూత. ఫిల్మ్ భూమికి తిరిగొచ్చింది. కెమెరా, దాన్ని మోసిన స్టాండు మాత్రం సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఎత్తులో మేటి గిట్జో వారి 5వ సిరీస్ జెయింట్. పూర్తిగా చాపితే 2.78 మీటర్లు, అంటే 9 అడుగుల పైమాటే! ఫొటో తీయాలంటే నిచ్చెన ఎక్కాల్సిందే. మోసే బరువు 40 కిలోలు, సొంత బరువు చూస్తే మూడున్నర కిలోలే. తనకంటే 11 రెట్లు మోస్తుందన్నమాట. మడిస్తే 73 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది.

వయసులో పెద్దాయన జర్మనీవాడు. సాక్సనీలోని ముల్డాలో 1898లో మొదలైన బెర్లెబాక్ కంపెనీ నేటికీ కర్రతోనే ట్రైపాడ్లు చేస్తోంది. గిట్జో పుట్టింది 1917లో. కార్బన్ ఫైబర్ కాళ్లు 1994 దాకా రానేలేదు. వీళ్లందరికంటే ముందే, 1880లలోనే, హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్! ఆనాటి గాజు పలకల భారీ కెమెరాలకు స్టాండు లేనిదే పని జరిగేది కాదు.

చిన్నదే, కానీ ప్రపంచమంతా ఏలుతున్నది కెమెరాను ట్రైపాడ్‌కు బిగించే ఒక మర. వ్యాసం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. అంగుళానికి 20 చుట్లు. సెల్‌ఫోన్ క్లాంపు నుంచి లక్షల ఖరీదు కెమెరా దాకా దాదాపు అన్నింటి అడుగునా ఇదే.

చందాల వర్షం కురిసింది పీక్ డిజైన్ ట్రావెల్ ట్రైపాడ్ మీద. 2019లో జనాన్ని అడిగింది 5 లక్షల డాలర్లు. వచ్చింది కోటీ 20 లక్షలు! 24 రెట్లు! మడిస్తే 39 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల మందం.

ఇక అసలు పోటీ ధరలో. ఆ పీక్ డిజైన్ కార్బన్ రకం 2019లో వచ్చినప్పుడు 600 డాలర్లు. అమెజాన్ బేసిక్స్ అల్యూమినియం ట్రైపాడ్ అప్పట్లో 30 డాలర్ల చుట్టుపక్కల. ధరలో తేడా 20 రెట్లు. ఎత్తు చూస్తే రెండూ 152 సెంటీమీటర్లే! బరువు కూడా రెండూ కిలోంబావు పైచిలుకే! మరి డబ్బంతా ఎటు పోయింది? మోసే శక్తిలోకి: చవకది 3 కిలోలు, ఖరీదైనది 9 కిలోలు. మడత పొడవులోకి కూడా. ఫోనుకో, చిన్న కెమెరాకో చవకది చక్కగా సరిపోతుంది. గాలి వీచే కొండ మీద బరువైన లెన్సుతో మాత్రం దాన్ని నమ్మొద్దని గట్టిగా చెబుతాను.

కొలతల్లోకెల్లా మాయావి కాలి గొట్టం వ్యాసం. గోడ మందం మారకుండా వ్యాసం రెండింతలైతే, వంగకుండా నిలిచే బలం దాదాపు 8 రెట్లవుతుంది. అందుకే ఎక్కువ మడతలున్న ట్రైపాడ్‌లో చివరి సన్న గొట్టమే బలహీనుడు. కాలికి 3 భాగాలుంటే బిగించాల్సింది 6 చోట్ల, 5 భాగాలుంటే 12 చోట్ల. నా ఓటు 4 భాగాలకే.

ఓర్పులోనూ వీటికి సాటి లేదు. 50 మిల్లీమీటర్ల లెన్సును చేత్తో పట్టుకుంటే సెకనులో 50వ వంతు దాటితే బొమ్మ అదురుతుందని పాత లెక్క. 270 అడుగుల తలకోన జలపాతం పాలనురగలా జారాలంటే ఒక సెకను కావాలి, అంటే 50 రెట్లు! 20 మిల్లీమీటర్ల లెన్సుతో చుక్కలకు 25 సెకన్లు. కెమెరాల్లోని స్టెబిలైజర్లు ఎంత ఎదిగినా ఇక్కడ మూడు కాళ్లదే రాజ్యం.

మధ్యతరగతి ఛాంపియన్ కిరీటం మాన్‌ఫ్రోటో ఎలిమెంట్ ఎంటూ అల్యూమినియం రకానికి ఇస్తాను. బరువు 1.55 కిలోలు, మడిస్తే 42.5 సెంటీమీటర్లు, చాపితే 160, మోసేది 8 కిలోలు. ఏది కొన్నా పెట్టె మీది గరిష్ఠ ఎత్తును చూసి మురిసిపోకండి. నడిమి కడ్డీ లేపకుండా ఎంత ఎత్తో అడగండి. కడ్డీ లేపిన మరుక్షణం కెమెరా నిలిచేది ఒంటికాలి మీదే! కెమెరా, లెన్సు కలిపిన బరువుకు కనీసం రెండింతలు మోసేది ఎంచుకోండి. దుకాణంలోనే కాళ్లు పూర్తిగా చాపి, తల మీద అరచేత్తో నొక్కి చూడండి. కడ్డీ కింద కొక్కెం ఉందా? ఉంటే సంచి తగిలించవచ్చు, ట్రైపాడ్ గాలికి ఊగదు.

బుల్లి వీరుల్లో మాన్‌ఫ్రోటో పిక్సీ 190 గ్రాములు. 2006లో వచ్చిన గొరిల్లాపాడ్ కాళ్లు కొమ్మకూ కంచెకూ చుట్టుకుంటాయి.

అన్నింటికంటే తేలిక, అన్నింటికంటే చవక? ఒక గుడ్డ సంచి! ఇంటి నుంచి ఖాళీగా పట్టుకెళ్లి, దిగిన ఊళ్లో కిలో బియ్యం కొని నింపి, బండరాయి మీద పెట్టి దాని మీద కెమెరా ఆనిస్తే చాలు. ఫొటో అయ్యాక ఆ బియ్యం వండుకోవచ్చు.