పిల్లనగ్రోవి సాధకము – విరామము

ఆడపిల్లలకు వీణయు ఫిడేలును మాత్రమే తగినవనియు, పిల్లనగ్రోవి పురుషుల వాద్యమనియు తలచువారు నేటికిని కొందరు గలరు. సిక్కిల్ సోదరీమణులు కుంజుమణి, నీలా గార్లు జంటగా వేణువు నూది 2002లో మదరాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము నందిన పిదప ఆ మాటకు విలువ యేమున్నది? మేము ఆ చర్చ విడిచి, ఇంట వేణువు నేర్చుచున్న బాలికలకును వారి తల్లులకును పనికివచ్చు వేరొక సంగతి ముచ్చటింతుము. సాధకము నెప్పు డాపవలయు ననునదియే ఆ సంగతి.

భాగవత దశమస్కంధమున గోపాలుని మురళీరవమునకు ఆవులు మేత మరచినవి. ఆయన మోవి నొచ్చి మురళిని ప్రక్కన బెట్టినట్లు మాత్రము మే మెచ్చటను చదువలేదు. మన పిల్లల కా వరము లేదు. పెదవుల చుట్టునుండు కండరములే గాలిని సన్నని పాయగా మలచి ముఖరంధ్రపు టంచునకు తగిలించును. అవి అలసినచో ఆ పాయ చెదరును, నాదమున గాలిచప్పుడు కలియును, తారస్థాయి పలుకదు. అంతట పిల్ల పెదవులు బిగించి మరింత గట్టిగా నూదును. తల్లి వంటయింటినుండి "ఇంకొకసారి వాయింపుమమ్మా" యనును. ఆ బిగింపు అలవాటైనచో మాన్పుట గురువునకు మిక్కిలి కష్టము.

క్రొత్తగా నేర్చువారికి కన్నులు తిరుగుట, వ్రేళ్లకొనలు తిమ్మిరెక్కుట కలదు. చూచిన పెద్దలు దిష్టి యందురు, కొందరు ఊదుట బలహీనుల పని గాదని మాన్పించెదరు. దిష్టి తీసిన తీయవచ్చును గాని కారణము వేరు. నాదము పలికించు నేర్పు కుదురకమునుపు పిల్లలు గాలిని వృథాగా వెలిపుచ్చుచు వడివడిగా లోతైన యూపిరులు తీయుదురు. అందుచే రక్తమునందలి బొగ్గుపులుసు వాయువు తగ్గి మెదడులోని రక్తనాళములు సంకోచించును. వేణువు దించి, కూర్చుండి, సామాన్యముగా ఊపిరి తీసిన కొద్ది నిమిషములలో సర్దుకొనును. వాద్యము పట్టని వేళలందును తల తిరుగుచుండినచో వైద్యునకు చూపవలయును.

తొలినాళ్లలో పది నిమిషము లూది అయిదు నిమిషము లాగుట మంచిదని మా యభిప్రాయము. గంటసేపు ఏకధాటిగా కూర్చుండుటకంటె ఉదయమొక కొంత, సాయంకాల మొక కొంత మేలు. ఆగిన వేళ మెడను, భుజములను సడలింపవలయును. వేణువు నొక ప్రక్కకు చాచి పట్టుటచే అవియు నలయును గదా. ఆ విరామమున సరళీవరుసలను తాళముతో నోట పాడవచ్చును; ఊదక రంధ్రములపై వ్రేళ్లను మాత్రము కదుపవచ్చును. స్వరము మనస్సున నిలువనిదే వ్రేలికి రాదు. జలుబును జ్వరమును ఉన్ననాడు అదియు వలదు, నిద్రపోనిండు.

ఇవి చిన్న విరామములు. మాకు దిగులు గొలుపునది పెద్ద విరామము. పరీక్షలని యొక యేడు, పెండ్లియని యొక యేడు, పురుడని మరియొక యేడు. వేణువు పట్టుచీరల క్రింద పెట్టెలో పడియుండును. మాలి యని పేరొందిన టి. ఆర్. మహాలింగము (1926–1986) కొన్నేండ్లు కచ్చేరీలు మానియు మరల వచ్చెను, ఆయనను పిలుచుటకు సభ లుండెను. కోడలిని "నీ వేణు వేదమ్మా?" యని యడుగువా రెవరు? అత్తగారో భర్తయో అడిగిననే గాని ఆమె తానై పెట్టె తెరువదు. కావున వేణువు దాచునాడే మరల తీయు మాసము నిర్ణయించి, ఇంటివారి యెదుట చెప్పియుంచవలెను. పురిటి పిదప మాత్రము పొట్ట కండరములు బలపడి వైద్యుడు సమ్మతించువరకు తొందర కూడదు.

తీసిన దినమున ముందు వెదురును వెలుతురులో త్రిప్పి బీట లున్నవేమో చూడుడు. ఎండలోగాని పొయ్యి దగ్గరగాని ఉంచిన వేణువు బీటవారును. లోపల మెత్తని గుడ్డతో తుడువుడు. మొదటివారము వర్ణముల జోలికి పోక, మధ్యస్థాయి స్వరములనే నిలిపి నిలిపి అయిదారు నిమిషము లూదుడు. తారస్థాయి పలుకలేదని బిగింపవలదు, పెదవులకు పూర్వపు బలము మెల్లమెల్లగా వచ్చును. ఆ సమయమున పసివాని నెత్తుకొనుట కొకరుండిన చాలును.