తుప్పు, గ్రీజు, ఒక పాత స్పోర్ట్స్ కారు
(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

స్పోర్ట్స్ కారు అనగానే మన హాస్టలు మిత్రుల కళ్లముందు సినిమా హీరో, ఘాట్ రోడ్డు, గాలికి ఎగిరే జుట్టు కనిపిస్తాయి. నేను రాయబోయేది ఆ కారు నడిపే హీరో గురించి కాదు. దాని అడుగున వెల్లకిలా పడుకుని, ముఖాన రాలే మట్టి తుడుచుకుంటూ నట్లు విప్పే మనిషి గురించి. వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి వచ్చినవాడికి ఈ గోల ఎందుకని సోవనీరు సంపాదకుడే అడిగాడు. చదివి చూడమన్నాను.

మా పెదనాన్నగారి పెద్దబ్బాయి ఇంగ్లండులో కోవెంట్రీ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ అన్నయ్య పక్కింట్లో రిటైరైన పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఇంటిని ఆనుకుని ఒక్క కారు మాత్రమే పట్టే గ్యారేజీ, అందులో 1969లో తయారైన ఎం.జి.బి. అనే రెండు సీట్ల కారు. పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి వేసుకోవచ్చు. ఆదివారం అక్కడ ఉదయం అయ్యేసరికి మనకు మధ్యాహ్నం. రెండేళ్లుగా ఆ వేళకు అన్నయ్య ఫోను గ్యారేజీ కిటికీలో పెడతాడు, నేను ఇక్కడ వేపచెట్టు కింద మంచంమీద కూర్చుని చూస్తాను. ఆ పెద్దాయన విసుక్కోకుండా ప్రతి పనీ చూపిస్తారు. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమవుతుంది గాని, చేతులు చేసే పనికి అనువాదం అక్కర్లేదు.

ఎం.జి. అంటే మోరిస్ గారేజెస్. ఇవాళ మన రోడ్లమీద అష్టభుజి గుర్తుతో తిరిగే ఎం.జి. కార్ల పేరు అక్కడిదే. ఇప్పుడా పేరు చైనా కంపెనీది. ఎం.జి.బి. మాత్రం అసలు సిసలు ఇంగ్లీషు బండి. 1962లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్ ఫ్యాక్టరీ 1980లో మూతపడేదాకా అయిదు లక్షలకు పైగా తయారైంది. ఇది కోటీశ్వరుల కారు కాదు. బడిపంతుళ్లు, బ్యాంకు గుమాస్తాలు కొనుక్కోగలిగిన స్పోర్ట్స్ కారు. అందుకే కాబోలు, కొన్నవాళ్లే దాన్ని విప్పి బిగించడం నేర్చుకున్నారు.

ఇప్పుడు నాకూ ఆ కారుకూ ఉన్న చుట్టరికం చెబుతాను. మా తాతయ్య 1984లో అంబాసిడర్ కారు కొన్నారు. ఊళ్లో పెళ్లికూతుళ్లు, పురిటి నొప్పులవాళ్లు, వడ్ల బస్తాలు అన్నీ దాన్లోనే ప్రయాణం చేశాయి. ఇప్పుడది గొడ్ల చావిడి పక్కన రేకుల కింద ఉంది. దాని ఇంజనూ, ఎం.జి.బి. ఇంజనూ ఒకే కడుపున పుట్టినవి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి ‘బి-సిరీస్’ ఇంజన్లు రెండూ. నమ్మకపోతే లెక్క వేసి చూడండి. అంబాసిడర్ సిలిండరు వ్యాసం 73.025 మి.మీ., పిస్టను నడక 88.9 మి.మీ. నాలుగు సిలిండర్లకు ఘనపరిమాణం కడితే 1489 సి.సి. వస్తుంది. ఎం.జి.బి. పిస్టను నడక కూడా సరిగ్గా అదే 88.9 మి.మీ.; వ్యాసం మాత్రం 80.26 మి.మీ. కాబట్టి 1800 సి.సి. దగ్గరకు వస్తుంది. అంటే గొంతు వెడల్పు చేశారు, లోతు అలాగే ఉంచారన్నమాట. కోవెంట్రీలో ఆ ఇంజను మూత విప్పినప్పుడు, మా చావిడి పక్క బండిలో నేను చూసిన రాకర్లూ పుష్‌రాడ్లూ అదే వరసలో కనబడ్డాయి. అప్పటినుంచి నాకు ఆదివారం నిద్ర లేదు.

పాత కారు బాగుచేయడమంటే ఇంజను బాగుచేయడమని అందరూ అనుకుంటారు. నిజానికి ఇంజను సులువు. అది నట్లతో బిగించిన వస్తువు, కాబట్టి విప్పవచ్చు. కష్టమంతా బాడీది. ఎం.జి.బి.కి విడిగా ఛాసిస్ లేదు, రేకులన్నీ కలిపి వెల్డింగు చేసిన పెట్టే దాని అస్థిపంజరం. మన అంబాసిడరూ అంతే. కాని అంబాసిడర్‌కు పైకప్పు ఉంది, ఎం.జి.బి.కి లేదు. అగ్గిపెట్టె పైతొడుగు తీసేసి లోపలి అరను రెండు చివర్లా పట్టుకుని నొక్కితే ఎలా వంగుతుందో, పైకప్పు లేని కారూ అలా వంగాలి. వంగకుండా ఆపేది తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఉండే గడప. దాన్ని ‘సిల్’ అంటారు. పైకి ఒకే రేకులా కనిపిస్తుంది గాని, లోపల ఒకటి, మధ్యన ఒకటి, బయట ఒకటి మూడు రేకులు కలిసిన గొట్టం అది. కారు బరువంతా ఆ గొట్టాల మీదే ఉంటుంది, తుప్పు పట్టేది కూడా సరిగ్గా వాటికే.

ఇంగ్లండులో చలికాలం రోడ్లమీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు, బురద చక్రాలు చిమ్మి గడప లోపలికి చేరతాయి. ఇక్కడ ఒక చిత్రం ఉంది. గాలి బాగా తగిలేచోటే ఇనుము తుప్పు పడుతుందని మనం అనుకుంటాం. కాని బురద కప్పేసి ఆక్సిజన్ తక్కువ అందేచోట ఇనుము ఆనోడ్ అవుతుంది. ఎలక్ట్రాన్లు వదిలి అయాన్లుగా కరిగిపోతుంది. గాలి తగిలే పక్కభాగం కాథోడ్ అవుతుంది. ఉప్పు ఉంటే నీళ్లలో విద్యుత్తు సులువుగా నడుస్తుంది, కాబట్టి ఈ దొంగతనం మరింత జోరుగా సాగుతుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు అతికినచోట దూరి వాటిని విడదీస్తుంది. దుక్కులు అయిపోయాక నాన్న నాగలి కర్రుకున్న మట్టి గీకి, పాత ఇంజనాయిలు రాసి అటకమీద పెట్టడం చిన్నప్పటినుంచీ చూశాను. మట్టి ఎందుకు గీకాలో ఫిజికల్ కెమిస్ట్రీ చదివాక గాని తెలియలేదు. నాన్నకు ఆ చదువు లేకుండానే తెలుసు.

గడప మార్చే పని నాలుగు నెలలు పట్టింది. ముందుగా తలుపు ఖాళీలో, కీళ్లున్న స్తంభం నుంచి తాళమున్న స్తంభానికి అడ్డంగా ఇనుప గొట్టాలు కట్టి బిగించారు. అది లేకుండా గడప కోస్తే కారు నడుం వాలిపోతుంది. కొత్త గడప ఆ వాలు మీదే అతుక్కుంటుంది, తలుపు ఇక ఈ జన్మకు మూసుకోదు. ఒకేసారి రెండువైపులా కోయకూడదు. ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు. ప్రతి దశలోనూ తలుపు వేసి చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూడాలి. గడప బయటి రేకు ముందు మడ్‌గార్డు రేకు వెనక్కి కూడా పోతుంది, కాబట్టి నిజాయితీగా చేస్తే అదీ విప్పాల్సిందే. దొంగపని చేసేవాళ్లు పాత తుప్పుమీదే ఒక కొత్త రేకు తొడిగి, పుట్టీ పెట్టి, రంగు కొడతారు. పుచ్చిన దూలానికి వార్నిష్ పూసినట్టు. దాన్ని పట్టుకోవడానికి గుడ్డలో చుట్టిన అయస్కాంతం చాలు. పుట్టీ ఉన్నచోట అది అంటుకోదు.

రేకు పలుచన, కాబట్టి వెల్డింగు ఒకే గీతగా లాగకూడదు. ఇక్కడొక చుక్క, జానెడు అవతల ఇంకో చుక్క, మధ్యలో చల్లారనివ్వాలి. లేకపోతే వేడికి రేకు అప్పడంలా ముడుచుకుంటుంది. అంతా అయ్యాక గడప గొట్టం లోపలికి పల్చటి మైనం కొడతారు. అది సందుల్లోకి పాకి, తేమ చేరనివ్వదు. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూసుకుపోకుండా చూసుకోవాలి.

చిన్న చిన్న భాగాల తుప్పు తీయడానికి మన లేబరేటరీ తెలివి చాలు. ప్లాస్టిక్ బకెట్టు నీళ్లలో లీటరుకు ఒక చెంచా చాకలి సోడా కలపాలి. తుప్పుపట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువానికి, ఒక పాత ఇనుప ముక్కను ధనధ్రువానికి కలిపి, రెండూ తగలకుండా ముంచాలి. రాత్రికి పెడితే తెల్లారేసరికి తుప్పు వదులై, బ్రష్షుతో రుద్దితే నల్లటి మడ్డిగా వచ్చేస్తుంది. హైడ్రోజన్ పుడుతుంది కనుక ఆరుబయటే చేయాలి, దగ్గర బీడీ వెలిగించకూడదు. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషకరమైన క్రోమియం లవణాలు నీళ్లలో కలుస్తాయి, వాడవద్దు. స్ప్రింగుల జోలికి పోవద్దు. హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. నేను మా అంబాసిడర్ బానెట్ కీళ్లతో చేసి చూశాను. రాత్రంతా బుడగలు వస్తుంటే నాన్నమ్మ వచ్చి, “ఇనుముకు కూడా తలంటు పోస్తున్నావట్రా?” అంది.

ఇక ఇంజను దగ్గర ఒక ముచ్చట చెప్పి తీరాలి. బి-సిరీస్ ఇంజనుకు వాల్వులు ఎనిమిది. ట్యాపెట్లు సెట్ చేయాలంటే వాల్వు పూర్తిగా మూసుకుని ఉండాలి. ఏది ఎప్పుడు మూసుకుందో చూడటానికి తొమ్మిది సూత్రం ఉంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సెట్ చెయ్యాలి. ఆరోది తెరుచుకుంటే మూడోది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. కోవెంట్రీలో ఈ సూత్రం విని, టౌన్లో మా కారు చూసే పెద్ద మెకానిక్ గారికి గొప్పగా చెప్పాను. ఆయన నవ్వి, తన కాలమంతా అదే లెక్కతో చేశానన్నారు. పుస్తకం చూడలేదట, వాళ్ల ఉస్తాదు నేర్పాడట.

ఎం.జి.బి.కి జంటగా రెండు ఎస్.యు. కార్బురేటర్లు ఉంటాయి. ఇంజను పీల్చే గాలిని బట్టి లోపలి పిస్టను తనంతట తాను లేస్తుంది. దానికి వేలాడే సన్నటి సూది జెట్టులోంచి పైకి వచ్చి, ఎంత పెట్రోలు కావాలో అంతే వదులుతుంది. రెండూ సమానంగా గాలి పీలుస్తున్నాయా అని చూడటానికి ఆయన వాడేది ఒక రబ్బరు గొట్టం. ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటర్ నోటి దగ్గర. బుస్సుమనే శబ్దం రెంటిలోనూ ఒకేలా వినబడేదాకా స్క్రూ తిప్పుతారు. మిశ్రమం సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ఆ పిస్టనును వెంట్రుకవాసి పైకి లేపాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, క్షణం పెరిగి సర్దుకుంటే సరిపోయినట్టు.

పెట్రోలు గురించి ఒక మాట. 2000 ఏడాదిలో అక్కడా ఇక్కడా పెట్రోలులో సీసం ఆపేశారు. మంచిపనే. కాని పాత పోత ఇనుము హెడ్డులో వాల్వు పీటల అరుగుదలను ఆపింది ఆ సీసం పొరే. అందుకని గట్టి ఉక్కు పీటలు వేయించాలి. ఇప్పుడు ఎథనాల్ కలుపుతున్నారు. బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోలులో పది శాతం దాకా, మన దగ్గర ఇరవై శాతం. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరిచి పగలగొడుతుంది, నీటిని కూడా పీల్చుకుంటుంది. పాత బండి ఉన్నవాళ్లు ముందుగా మార్చవలసినవి పెట్రోలు గొట్టాలు. కారు తగలబడితే ట్యాపెట్లు ఎంత బాగా సెట్ చేసి ఏం లాభం?

రోజువారీ సంరక్షణ వర్ణించడానికి పెద్దగా ఏమీ లేదు. మూడువేల మైళ్లకొకసారి ముందు చక్రాలు జాకీతో లేపి నిపిళ్లకు గ్రీజు కొట్టాలి, ట్రాక్టరుకు కొట్టినట్టే. ఆయిలు మార్చాలి, పాయింట్ల సందు చూడాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది కనుక రెండేళ్లకోసారి మార్చాలి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్ము నోటితో ఊదడం మన మెకానిక్ కుర్రాళ్లు మానాలి. ఒక్క జాకీని నమ్ముకుని కారు కిందికి దూరడం ఎవరైనా సరే మానాలి, స్టాండ్లు పెట్టాలి.

నన్ను తొలిచే ప్రశ్న వేరు. చుట్టరికం ఒకటే అయినప్పుడు ఎం.జి.బి. లు అన్ని బతికి ఉండగా మన అంబాసిడర్లు కిలోల లెక్కన ఎందుకు పోతున్నాయి? వాళ్ల డబ్బు వల్ల అంటారు మిత్రులు. కొంత నిజం. కాని పెద్ద కారణం ఇంకొకటుంది. ఫ్యాక్టరీ మూసినా ఆ రేకులు అచ్చొత్తే డైలను పారేయలేదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ వాటిని వెతికి కూడగట్టి, 1988 నుంచి ఎం.జి.బి. బాడీ మొత్తాన్నీ కొత్తగా తయారుచేసి అమ్ముతోంది. గడప రేకు కావాలంటే పోస్టులో వస్తుంది. వర్క్‌షాపు మాన్యువల్ ఎవరైనా కొనుక్కోవచ్చు. నలభై ఏళ్లు దాటిన కార్లకు అక్కడ రోడ్డు పన్ను లేదు. పెద్ద మార్పులు చేయకపోతే 2018 నుంచి ఏటేటా తనిఖీ కూడా తప్పనిసరి కాదు. మన అంబాసిడర్ ఉత్తరపారలో 2014లో ఆగిపోయింది. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజి బండి అనిపించుకోవాలంటే యాభై ఏళ్లు నిండాలి. మా తాతయ్య కారు 2034 దాకా ఆగాలి.

అన్ని భాగాలూ మార్చేస్తే అది పాత కారు ఎలా అవుతుందని మా గదిలో ఒక రాత్రి వాదన జరిగింది. మా ఎడ్లబండికి చక్రాలు రెండుసార్లు మారాయి, ఇరుసు మారింది, ఒక నొగ మారింది. ఊళ్లో దాన్ని ఇప్పటికీ తాత బండి అనే అంటారు. ఇంతకు మించి తత్వం నాకు తెలియదు.

పాత ఇనుము బేరగాడు మొన్న మా ఇంటికి వచ్చి అంబాసిడర్‌ను కాటా లెక్కన అడిగి వెళ్లాడు. సంక్రాంతి దాకా ఆగమని నాన్నను అడిగాను, సరేనన్నాడు. దసరా సెలవుల్లో గుడ్డలో చుట్టిన అయస్కాంతంతో రెండు గడపలూ చూశాను. కుడివైపు అంతా అంటుకుంది. ఎడమవైపు, వెనక తలుపు కింద, జానెడు మేర అంటుకోలేదు.