పంపే ముందు నేర్పిద్దాం

లుస్త్రలో పుట్టు కుంటివాడు లేచి నడిచాడు. జనం సంతోషం పట్టలేక కేకలు వేశారు. అయితే ఆ కేకలు లుకయోనియ భాషలో ఉన్నాయి. బర్నబాకు ద్యుపతి అనీ, తనకు హెర్మే అనీ వాళ్లు పేర్లు పెట్టేస్తుంటే పౌలుకు వెంటనే అర్థమైనట్టు లేదు. పూజారి ఎడ్లనూ పూదండలనూ తెచ్చి బలికి సిద్ధమయ్యాకే అపొస్తలులిద్దరూ బట్టలు చించుకుని జనంలోకి పరుగెత్తారు (అపొ.కా. 14:8-18). అద్భుతం దేవునిదే. దానికి ఆ ఊరివాళ్లు చెప్పుకున్న అర్థం మాత్రం పూర్తిగా వేరు. అదే పౌలు యెరూషలేములో హెబ్రీ భాషలో నోరు విప్పగానే, చంపడానికి వచ్చిన గుంపు కూడా నిశ్శబ్దమైపోయింది (22:2).

ఒకప్పుడు మిషనరీలను అందుకున్న మన కృష్ణా డెల్టా సంఘాలు ఇప్పుడు పంపే సంఘాలయ్యాయి. యువకులు ఒడిశా కొండలకు, బస్తర్ వైపు బయలుదేరుతున్నారు. సంతోషమే. కానీ చాలాచోట్ల సిద్ధపాటు అంటే వారం రోజుల ట్రైనింగు, ఒక సమర్పణ ఆరాధన, సంచినిండా కరపత్రాలు. ఇది చాలదంటే, ‘పరిశుద్ధాత్ముడే నేర్పిస్తాడు కదా అయ్యగారూ’ అంటారు. నిజమే. పెంతెకొస్తు దినాన ఆత్మ పార్తీయులకూ మాదీయులకూ హెబ్రీ నేర్పలేదు, ఎవరి భాషలో వారికి వినిపించాడు. మీ యువకుడికి ఆ వరం దొరికితే దేవునికి స్తోత్రం. దొరకనివాళ్లకు వ్యాకరణం పుస్తకం ఉంది.

మన దగ్గరకు వచ్చినవాళ్లు ఎలా వచ్చారో చూడండి. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరులో దిగారు. నోబుల్ దొర బడి తెరిచింది 1843లో. ఆ రెండేళ్ల మధ్యలో ఉన్నది తెలుగు చదువే. ఆ తర్వాత 1865లో కన్నుమూసేదాకా ఆయన బందరు వదల్లేదు. గుంటూరుకు 1842 జూలై 31న చేరిన లూథరన్ మిషనరీ హయ్యర్‌కు అప్పటికే 49 ఏళ్లు. ఓడ ఎక్కకముందే బాల్టిమోర్‌లో సంస్కృతం, వైద్యం నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ వయసులో!

నాకు వీరందరికంటే బిషప్ అజరయ్య గారి మాదిరే మనకు దగ్గరగా కనిపిస్తుంది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ మనుషులనే మిషనరీలుగా పంపడం చూశారు. తన సంఘం ఆ పని చేయడం లేదే అని బాధపడ్డారు. మరుసటి ఏడాదే, 1903లో, భారతీయ మనుషులు, భారతీయ ధనం, భారతీయ నిర్వహణ అనే పద్ధతిలో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. 1909లో అజరయ్య గారే నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. వై.ఎం.సి.ఎ.లో పెద్ద కార్యదర్శి, దేశమంతా పేరున్న వక్త. అలాంటి మనిషి 35 ఏళ్ల వయసులో పల్లెటూరి మాలమాదిగ పేటల్లో మాట్లాడడానికి కొత్తగా తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. తర్వాత కృష్ణా జిల్లా సంఘాలు కూడా ఆయన అధ్యక్షతలోకే వచ్చాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్ ముందు నిలబడండి. గుడి స్తంభం, మసీదు గుమ్మటం రెండూ గుర్తుకొస్తాయి. చుట్టూ ఉన్న జనాన్ని ముప్పై ఏళ్లు చూసిన కళ్లు కట్టించిన గుడి అది.

తెల్లదొర పరాయివాడని అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. అందుకే నేర్చుకున్నాడు. మన రంగే, మన దేశమే అయినచోట ప్రమాదం ఎక్కువ. అంతా తెలిసినట్టే ఉంటుంది. భద్రాచలం దాటి వెళ్లిన మన కుర్రవాడు కోయ మాట వినగానే మోటు తెలుగనుకుంటాడు. కోయ తెలుగుకు యాస కాదు, గోండికి దగ్గరి భాష. మన భాషనే తీసుకోండి. ‘పాపం’ అంటే దోషమని నిఘంటువులో చదువుకుని వచ్చిన కొత్త మనిషి, పక్కింటి మామ్మగారు ఏడుస్తున్న పసిబిడ్డను చూసి ‘అయ్యో పాపం’ అంటే ఏమనుకోవాలి? ఆ మాట మీద ఆదివారం ప్రసంగం ఎలా చేయాలి? ఇలాంటివి వారం ట్రైనింగులో రావు, వాళ్ల అరుగు మీద కూర్చుంటే వస్తాయి.

భోజనం సంగతి కూడా అంతే. మీ ముందు పెట్టినది తినండని ప్రభువు డెబ్బది మందికి చెప్పాడు (లూకా 10:8). గోంగూర పచ్చడి సీసాలు సర్దుకుని వెళ్లేవాళ్లు ఆ వచనం దాటేసి చదువుతారేమో! ఒడియా ఇళ్లలో పెట్టే పఖాళ మన చద్దన్నానికి చుట్టమే. ఇంకొకటి గట్టిగా చెప్పాలి. బియ్యం, దుప్పట్లు, కరపత్రాలు ఒకే సంచిలో పెట్టవద్దు. ప్రలోభంతో మతం మార్చడాన్ని నిషేధిస్తూ ఒడిశాలో 1967లోనే చట్టం చేశారు. చట్టం సంగతి అలా ఉంచినా, ఆకలిగా ఉన్నవాడి ‘అవును’ను విశ్వాసమని రాసుకోవడం సువార్తకే అవమానం.

శిక్షణకు దూరం వెళ్లనక్కర్లేదు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల కొండకు మతభేదం లేకుండా జనం వస్తారు. సిద్ధాంతపరంగా మనకు వేరే అభిప్రాయాలున్నాయి, ఉండనివ్వండి. వెళ్లబోయే యువకుణ్ణి ఆ మూడు రోజులు అక్కడ కూర్చోబెట్టండి. కరపత్రం ఇవ్వకూడదు, వాదించకూడదు. ‘ఎందుకొచ్చావమ్మా?’ అని అడిగి వినడమే పని. ఆ తర్వాత బెజవాడలో అపార్ట్‌మెంట్లు కడుతున్న ఒడియా, బీహారీ కూలీల దగ్గరకు పంపండి, పాఠం చెప్పడానికి కాదు, చెప్పించుకోవడానికి.

సంఘ కమిటీలకూ ఒక మాట. మిషనరీ వెళ్లిన మూడో నెలకే ‘ఎన్ని బాప్తిస్మాలు?’ అని ఫోను చేయకండి. మొదటి ఏడాది జీతం భాష నేర్చుకోవడానికే అని బడ్జెట్‌లో రాయండి. నెలనెలా రిపోర్టులో ఈ నెల కొత్తగా ఏ మాటలు నేర్చుకున్నాడో, ఎవరింట్లో భోజనం చేశాడో, ఆ ఇంట్లో పిల్లల పేర్లేమిటో రాయమనండి. ఆ పేర్లు ఆదివారం ఆరాధనలో చదివి ప్రార్థన చేయండి.