మార్చిన కార్నియా ఎర్రబడితే మిరప ఘాటని ఊరుకోరాదు

మాఘ, ఫాల్గుణ మాసాలలో గుంటూరు, ప్రకాశం మైదానాల మిరప పంట కల్లాలకు చేరుతుంది. ఆ ఘాటుకు కళ్ళు మండి ఎర్రబడడం ఇక్కడివారికి కొత్త కాదు. చన్నీళ్ళతో కడుగుకొని తిరిగి పనిలో పడతారు. కార్నియా మార్పిడి జరిగినవారికి మాత్రం ఈ అలవాటు చేటు తెస్తుంది.

కంటి ముందుభాగాన గడియారపు అద్దంవలె ఉండే నిర్మలమైన పొరయే కార్నియా. సుశ్రుతాచార్యులు 76 నేత్రరోగాలను చెప్పి, కృష్ణమండల వ్యాధులను వేరుగా వివరించారు. పత్తిపుల్ల గీచుకొని పుండుపడి, మానిన పిదప మిగిలే తెల్లమచ్చనే మనవారు 'పువ్వు' అంటారు. అది చూపును కప్పివేస్తే దాత కార్నియాను అమర్చవలసి ఉంటుంది. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ తొలిసారిగా సఫలం చేసిన ఈ చికిత్స నేడు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోను, విజయవాడ చెంత తాడిగడపలోని దాని శాఖలోను లభిస్తున్నది.

ఆరోగ్యవంతమైన కార్నియాలో రక్తనాళాలు ఉండవు. అందువల్ల శరీర రక్షకకణాలు పరాయి పొరను సులభంగా పసిగట్టవు. పాతపుండు వల్ల రక్తనాళాలు ప్రాకినా, కుట్టు వదులైనా వాటికి దారి దొరుకుతుంది. అవి కార్నియా లోపలి వరుస కణాలను నశింపజేస్తాయి. నీటిని తోడివేసే ఆ కణాలు తగ్గగానే పొర ఉబ్బి మసకబారుతుంది. ఇదే తిరస్కృతి. నెలలలో రావచ్చు, ఏళ్ళ తరువాతనైనా రావచ్చు.

ఎరుపు, వెలుగు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నొప్పి - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆనాడే నేత్రవైద్యుని దర్శించాలి. వెంటనే స్టెరాయిడ్ చుక్కలతో చికిత్స మొదలైతే పొర చాలాసార్లు నిలుస్తుంది. ఆలస్యమైతే మరల మార్పిడి తప్పకపోవచ్చు. అప్పుడు తిరస్కృతి భయం మరింత అధికం.

గురుముఖంగా ఆయుర్వేదం అభ్యసించినవాడనై చెబుతున్నాను: తేనె, ఉల్లిరసం, ఆముదం, చనుబాలు, అంజనం - ఏదీ ఈ కంటిలో వేయరాదు. ఇక్కడ కీడు చేసేది శరీరపు రక్షణశక్తియే కనుక, దానిని పెంచుతాయనే రసాయనాలను, లేహ్యాలను నేత్రవైద్యునికి తెలుపకుండా సేవించరాదు. కన్ను తెల్లబడిందని చుక్కలమందు మానరాదు. అది కంటి ఒత్తిడిని పెంచగలదు గనుక సొంతంగా కొని వాడనూరాదు.

కల్లంలోకి వెళ్ళక తప్పనపుడు కళ్ళద్దాలు ధరించాలి, కన్ను నులుమరాదు. ప్రతి ఉదయం రెండవ కంటిని మూసి గోడమీది పంచాంగపు అంకెలు చదివి చూడాలి. నిన్న కనిపించిన అంకె నేడు మసకైతే, మిరప పని ఆపి ఆసుపత్రికి బయలుదేరాలి.