నలభై రెండింటిలో ఒక్కటి: 1977లో నంద్యాల

నిరంకుశ పాలకులు ఎన్నికలు ప్రకటించినప్పుడు ప్రతిపక్షాలు ఇరకాటంలో పడతాయి. బరిలో దిగితే ఆ పాలనకు ప్రజామోదం ఉందన్న ముద్ర వేసినట్టవుతుంది, బహిష్కరిస్తే చట్టసభ మొత్తం పాలకుల పరమవుతుంది. 2005లో వెనిజులా ప్రతిపక్షాలు బహిష్కరణనే ఎంచుకుని, జాతీయ సభలో ఒక్క స్థానమైనా లేకుండా మిగిలాయి.

1977లో భారత ప్రతిపక్షాలు పోటీకే మొగ్గాయి. 1975 జూన్ 25న విధించిన అత్యవసర పరిస్థితి ఇంకా తొలగలేదు. అప్పటికే లక్షమందికి పైగా నిర్బంధానికి గురయ్యారు, పత్రికలు సెన్సార్‌షిప్ కింద నలిగాయి, లోక్‌సభ గడువు పొడిగింపుతో సాగుతోంది. జనవరి 18న ఇందిరాగాంధీ ఎన్నికలు ప్రకటించగా, సంస్థా కాంగ్రెస్, జనసంఘ్, భారతీయ లోక్‌దళ్, సోషలిస్టు పార్టీలు ఐదు రోజుల్లోనే జనతా పార్టీగా ఒక్కటయ్యాయి. చట్టరీత్యా విలీనానికి వ్యవధి లేనందున ఎక్కువచోట్ల లోక్‌దళ్ గుర్తైన చక్రంలోని నాగలి రైతుతోనే పోటీ చేశాయి. అత్యధిక ఓట్లు వచ్చినవారే గెలిచే మన పద్ధతిలో 1971లో కాంగ్రెస్ దాదాపు 44 శాతం ఓట్లతో 352 స్థానాలు గెలుచుకుంది కనుక, వ్యతిరేక ఓటు చీలకుండా ప్రతి నియోజకవర్గంలో ఒకే అభ్యర్థిని నిలపడం ఈ వ్యూహానికి కీలకం. అయితే 1971లోనూ మహాకూటమి కట్టి ఓడినవారే వీరిలో చాలామంది. ఐక్యతకు ఈసారి ప్రజాగ్రహం తోడైంది. జనతాకు 295, కాంగ్రెస్‌కు 154 స్థానాలు వచ్చాయి.

ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఆ ఆగ్రహం ఓట్లుగా మారలేదు: 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు, బస్తీల కూల్చివేతలు ఉత్తరాదిని కుదిపినంతగా ఇక్కడి పల్లెలను తాకలేదు. పైగా జనతాకు ఊరూరా కార్యకర్తలు కరవు. మిగిలిన ఆ ఒక్క స్థానమే నంద్యాల. నేడు నందికొట్కూరు, ఆళ్లగడ్డ శాసనసభ స్థానాలు కూడా ఉన్న ఈ లోక్‌సభ నియోజకవర్గంలో, 1967, 1971 ఎన్నికల్లో గెలిచిన కాంగ్రెస్ అభ్యర్థి పెండేకంటి వెంకటసుబ్బయ్యను నీలం సంజీవరెడ్డి ఓడించారు.

అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, లోక్‌సభ మాజీ స్పీకర్; 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా నిలిచి, ఇందిరాగాంధీ మద్దతున్న వి.వి.గిరి చేతిలో ఓడినవారు. సీమవాసులకు ఆయనను కొత్తగా పరిచయం చేయవలసిన పని లేదు. కనుక నంద్యాల ఫలితాన్ని జనతా గాలికన్నా అభ్యర్థి స్థాయికే ఎక్కువగా ఆపాదించడం సబబు. గాలే అయితే పొరుగు నియోజకవర్గాల్లోనూ వీచి ఉండేది. పార్టీ యంత్రాంగం బలహీనంగా ఉన్నచోట, పాలకపక్షం నుంచే విడివడి వచ్చిన పెద్ద నాయకుణ్ణి నిలపడం నిర్బంధ పాలనల్లో తరచు కనిపించే ఎత్తుగడే. అదే ఎన్నికల ముందు, ఫిబ్రవరిలో, జగ్జీవన్‌రామ్ మంత్రివర్గం వీడి రావడం జాతీయస్థాయిలో అలాంటి బలాన్నే ఇచ్చింది.

అయితే వ్యక్తిపై నిలిచిన గెలుపు ఆ వ్యక్తితోనే తరలిపోతుంది. సంజీవరెడ్డి మార్చిలో స్పీకరయ్యారు, జూలైలో ఆ పదవి వదిలి పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. నంద్యాలకు జరిగిన ఉపఎన్నికలో వెంకటసుబ్బయ్య మళ్లీ గెలిచారు.